వంతు గిన్నె

గిన్నె మీద బోర్లించిన పళ్ళెం ఎవరూ తియ్యలేదు.

చాప మధ్యలో అది, చుట్టూ మేము. పళ్ళెం అంచు కిందనుంచి ఆవిరి సన్నగా వస్తోంది. ఆవిరితో పాటు ఆ వాసన. ఈ ఇండోనేషియాలో పుట్టినవాళ్ళెవరికీ నూడుల్స్ వాసన ఏమిటో చెప్పక్కర్లేదు. వాన పట్టుకుంటే అదే, జ్వరం తగ్గి నోరు చప్పబడితే అదే, నెలాఖరున జేబు ఖాళీ అయితే అదే. చావింటికి పలకరింపుకు వెళ్ళేవాళ్ళ చంకలో కూడా ఆ పొట్లాల అట్టపెట్టే ఉంటుంది. మా ఇంట్లో మాత్రం పెద్దవాడికి కిడ్నీలు పోయిన దగ్గర్నుంచీ ఆ పొట్లం చింపలేదు.

"ఎత్తెయ్యండి అత్తయ్యా," అంది నినింగ్, నా పెద్దకోడలు. గొంతు పెంచలేదు. ఆ పిల్ల గొంతు పెంచితే నాకింత భయం ఉండదు. "కోళ్ళకి వెయ్యండి. వాటికైనా అరుగుతుంది."

"కోళ్ళకి వెయ్యడానికి జోగ్జా నుంచి నడుం విరగ్గొట్టుకుని రాలేదు వదినా," అన్నాడు కొసిమ్. వాడు నా చిన్నకొడుకు. ఇంకా ప్రయాణం బట్టలు విప్పలేదు. వచ్చీ రావడమే వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించాడు.

"ఎందుకొచ్చావో చెబితే మేమూ వింటాం."

"వంతు అప్పగించడానికి."

"ఎవరికి? నీళ్ళు కూడా కొలిచి తాగేవాడికా?"

కొసిమ్ భార్య ఎంతిన్ గది గుమ్మంలో నిలబడి తలుపు చెక్క మీద గోరుతో గీస్తోంది. ఆ పిల్ల సాధారణంగా మాట్లాడదు. మాట్లాడదు కదా అని మేమూ అడగం.

మధ్యాహ్నం కొసిమ్ గుమ్మంలో కనిపించినప్పుడు నాకు సంతోషం కలగలేదు. కన్నతల్లి అనకూడని మాటే. కానీ మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఒక్క కప్పు కింద ఉన్నారంటే రంజాన్ పండగైనా అయి ఉండాలి, శవమైనా లేచి ఉండాలి. ఉన్నది ఒక్క నూడుల్స్ కొట్టు. జోగ్జా పట్నంలో కాలేజీ పక్క సందులో, పొయ్యి, బల్లలు, వెనక ఒక గది. నాలుగు నెలలు ఒకడు నడుపుతాడు, నాలుగు నెలలు ఇంకొకడు. కొట్లో లేనివాడు ఇక్కడ చిలగడదుంపల చేను చూసుకుంటాడు, ఇల్లు చూసుకుంటాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాగే బతుకుతున్నాయి. ఒకడు దిగిన బస్సే కడిగి తిప్పితే ఇంకొకడు ఎక్కుతాడు. నా కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది వంతు మారే పూట, పండగ పూట. అంతే.

"కొట్టు మూసొచ్చావా?" అని అడిగాను.

"మూసొచ్చానమ్మా."

"ఎవరికీ ఒప్పచెప్పకుండా?"

"ఎవరికి ఒప్పచెప్పను? నా వంతు ఎప్పుడో అయిపోయింది. అన్నయ్య వస్తాడని చూశాను. ఆసుపత్రిలో ఉన్నాడన్నారు, చూశాను. ఇంటికొచ్చాడన్నారు, చూశాను. కాలేజీ పిల్లలొచ్చి తలుపు కొడుతుంటారు ఇప్పుడు. పరీక్షలు వాళ్ళకి."

"కొట్టనీ," అంది నినింగ్. "ఆ వీధిలో నీదొక్కటేనా కొట్టు?"

"మనది వదినా. నాదొక్కడిదే అయితే ఈ గిన్నె ఎందుకు వండుతాను?"

ఈ గిన్నె సంగతి మా ఆయన పెట్టిపోయింది. ఆయన జోగ్జా వెళ్ళిన కొత్తలో పెసల జావ అమ్మేవాడు, కొబ్బరిపాలు పోసి. ఇప్పటికీ అక్కడ మా కొట్లని పెసల కొట్లనే అంటారు, పెసలు అడిగేవాడు మాత్రం లేడు. నూడుల్స్ పొట్లాలు వచ్చి పెసల గిన్నెని వెనక్కి నెట్టేశాయి. కొడుకులు పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. కొట్టుకి మధ్యలో గోడ కడితే ఇద్దరికీ పొయ్యి చాలదని ఆయన కాలాన్ని పంచాడు. పంచితే సరిపోయిందా? ఏటా తగువే. నువ్వు ఆలస్యంగా వచ్చావని ఒకడు, నువ్వు ముందే చేతులు దులుపుకున్నావని ఇంకొకడు.

అప్పుడాయన అన్నాడు, వెళ్ళేవాడు వచ్చేవాడికి ఒక గిన్నె వండి పెట్టాలి. గుడ్డు, ఆకుకూర, పండుమిరపకాయలు, అన్నీ వేసి, బేరానికొచ్చిన వాడికి వండినట్టు. వచ్చినవాడు గిరాకీలు కూర్చునే బల్ల మీదే కూర్చుని అడుగుదాకా తినాలి. తిన్నాక పొయ్యి వాడిది. తినకపోతే వంతు వద్దనుకున్నట్టు. "కాగితం మీద సంతకాన్ని చింపెయ్యచ్చు, కడుపులో పడ్డ ముద్దని ఎవడు చింపుతాడు," అనేవాడు. ఊరంతా నవ్వింది. కానీ ఆ తరవాత నా కొడుకులు వంతు కోసం తగువు పడలేదు. ఆయన పోయాక కూడా పడలేదు.

తినలేని రోజొకటి వస్తుందని ఆయనకీ తోచలేదు, మాకూ తోచలేదు. ఆ గిన్నె కొట్టు దాటి నా వంటింట్లో ఉడకడం ఇదే మొదలు.

"తీసి చూపించనీ పోనీ," అని లోపలి గదిలోంచి గొంతు వినిపించింది.

జుహానా గోడ పట్టుకుంటూ వచ్చాడు. నా పెద్దవాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, వట్టికాళ్ళతోనే నడుస్తాడు. కొసిమ్ లేచి చెయ్యి అందించబోయాడు. జుహానా ఆ చెయ్యి చూడనట్టు చూసి, గోడనే పట్టుకుని చాప మీద చేరగిలబడ్డాడు.

"చిక్కిపోయావురా కొసిమ్."

"నువ్వు ఒళ్ళు చేశావన్నయ్యా."

"నీళ్ళురా ఇవన్నీ. సోమ గురువారాల్లో ఆసుపత్రిలో పిండి పంపిస్తారు." నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. రేపు గురువారం. "గుడ్డు గిలకొట్టి పోశావా, పగలగొట్టి వేశావా?"

"పగలగొట్టే. నీకు సొన కారాలి కదా."

"ఎంతసేపయింది దించి?"

"ఇప్పుడే అన్నయ్యా. అసర్ నమాజు పిలుపు వినబడినప్పుడు."

"అయితే ఇంకా బాగానే ఉంటుంది. ఆలస్యం చేస్తే ఉబ్బిపోతుంది." పళ్ళెం మీదికి చెయ్యి చాచాడు.

"వెయ్యకండి చెయ్యి," అంది నినింగ్.

చెయ్యి ఆగింది.

"వాసనకి కూడా ఉప్పు ఉంటుందా నినింగ్?"

"మీకు వాసనతో ఆగదు. పక్కింటి బారసాలలో ఎండుచేప ముక్క నోట్లో వేసుకుని చేత్తో మూతి తుడుచుకోలేదూ? ఆ తరవాత పడుకుంటే ఊపిరాడక, కూర్చోబెడితే కళ్ళు తేలేసి... అప్పుడు మిమ్మల్ని ఎత్తుకుని బండెక్కించింది నేనండీ. మీ తమ్ముడు కాదు. తను జోగ్జాలో పిల్లలకి గుడ్లు పగలగొడుతున్నాడు."

"నాకు అప్పుడే తెలిస్తే రానా వదినా?"

"వచ్చావు కదా ఇప్పుడు. ఎండుచేప సరిపోలేదని గిన్నెడు తెచ్చావు."

నేను కలగజేసుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా, పెద్దదాన్ని. "మసాలా పొట్లం వెయ్యకుండా ఇంకొకటి వండమంటే? ఉత్త నీళ్ళలో. గుడ్డు వేసి."

"మసాలా లేకుండా నూడుల్సేమిటమ్మా," అన్నాడు జుహానా. "తాడుకి స్నానం చేయించినట్టు."

"నాన్న అన్నీ వెయ్యమన్నాడు కదన్నయ్యా. అది వంతు కింద లెక్క కాదు." కొసిమ్ ఆత్రంగా అన్నాడు, అని తల దించుకున్నాడు. అప్పుడు నాకర్థం కాలేదు ఎందుకు దించుకున్నాడో.

"మీ లెక్కలో ఈయన బతికుండటం ఏ పక్క రాశారు?" అంది నినింగ్.

"నినింగ్," అన్నాడు జుహానా.

"అడగనివ్వండి. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాకు సగం మొగుడు. నాలుగు నెలలు ఉంటాడు, నాలుగు నెలలు ఉండడు. ఉన్న నాలుగు నెలల్లో మొదటి నెల కొత్త, ఆఖరి నెల సర్దుకోవడం. ఇప్పుడు మంచాన పడ్డాక పూర్తిగా దొరికాడు నాకు. ఈ ముక్క కూడా పట్టుకుపోతానంటే ఎలాగ?"

వాన మొదలైంది. కొండ మీంచి మబ్బు దిగితే మా పెంకులు ముందు చప్పుడు చేస్తాయి. గిన్నె దగ్గర ఆవిరి తగ్గింది.

"కొసిమ్," అన్నాను. "నా మొహం చూసి చెప్పు. అన్నయ్య తినలేడని నీకు తెలుసా, తెలీదా?"

వాడు నా మొహం చూడలేదు.

"తెలుసమ్మా."

"తెలిసే వండావా?"

"తెలిసే."

నినింగ్ ఏదో అనబోయింది. జుహానా చెయ్యెత్తి ఆపాడు. "చెప్పనీ."

"మొన్న పండక్కి వచ్చాను కదన్నయ్యా," అన్నాడు కొసిమ్. చాప అంచు పీకుతూ మాట్లాడుతున్నాడు, చిన్నప్పుడు బళ్ళో తన్నులు తిని వచ్చి మాట్లాడినట్టే. "సంచీ దించగానే పాప పరిగెత్తుకొచ్చింది. ఎత్తుకుందామని వంగాను. ఎదురుగా నిలబడి, 'అన్నా, మళ్ళీ ఎప్పుడెళ్తావు?' అంది. కొట్లో పిల్లలు నన్ను పిలిచేది అదే కదా. ఫోన్లో వింటోంది రోజూ, అన్నా ఒక గిన్నె, అన్నా కారం ఎక్కువ. నా పేరు అదే అనుకుంది. నా కూతురన్నయ్యా. కొట్టువాణ్ణి పిలిచినట్టు పిలిచింది."

చాప పీచు ఒకటి తెగి వాడి చేతిలోకొచ్చింది.

"అందుకని ఎంతిన్నీ పాపనీ తీసుకెళ్ళిపోదామనుకున్నాను. అక్కడే ఉండిపోతాం. అలా ఉండాలంటే కొట్టు ఏడాది పొడుగునా నేనే నడపాలి. నీకెలాగూ కుదరదు. నీకు చెప్పకుండా నడుపుకుంటూ పోవచ్చు, నన్నడిగేవాడు లేడు. కానీ దొంగలా తినడం నాకిష్టం లేదు. అందరి ముందూ గిన్నె పెడతాను, నువ్వు వద్దంటావు, నాన్న మాట ప్రకారం అయిపోతుంది అనుకున్నాను. ఒక్క మాట అన్నయ్యా. వద్దు అను. నీ మందులకి ఏ లోటూ రానివ్వను."

"మందులకి," అన్నాడు జుహానా.

ఆ మాట రెండుసార్లు అన్నాడు. తరవాత తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"వారానికి రెండు రోజులు ఆ డయాలసిస్ మెషీన్ పక్కన పడుకుంటాను కొసిమ్. పక్కమంచం ఆయన అడిగాడు, మీరేం చేస్తుంటారని. జోగ్జాలో నూడుల్స్ కొట్టు అన్నాను. ఆయన లేచి కూర్చున్నాడు. ఆయన అక్కడ చదువుకున్నాట్ట. నాలుగేళ్ళు మనలాంటి వాళ్ళ కొట్లలోనే తిన్నాట్ట. ఆఖరి పరీక్షనాడు చేతిలో ఏమీ లేకపోతే కొట్టాయన రెండు గుడ్లు వేసి పెట్టాట్ట. ఆయన్ని తలుచుకుని ఏడ్చాడు. నేను ఆ కొట్టాయన్ని కాకపోయినా నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు మిగిలింది ఆ కొట్లో సగమేరా. వద్దు అంటే నేను ఉత్త రోగినే."

"అన్నయ్యా, నా బాధ..."

"నీ బాధ నిజమే. కాదన్నానా?"

చెప్పి పళ్ళెం తీసేశాడు.

ఉబ్బిపోయింది. పులుసంతా పీల్చేసుకుని గిన్నె అంచుదాకా తేలింది. సొన గట్టిపడిపోయింది. బేరానికొచ్చిన వాడైతే వెనక్కి పంపేవాడు. జుహానా ఫోర్కు తీసుకుని చుట్టి నోట్లో పెట్టుకున్నాడు.

నినింగ్ అరవలేదు. నేనూ అరవలేదు. అరిచింది కొసిమ్.

"ఆపన్నయ్యా. నేను తినమనలేదు. తినమనలేదు కదా నేను."

"వంట బాగా కుదిరింది," అన్నాడు జుహానా నములుతూ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరపకాయలవో, మరెందుకో. "మిరపకాయలే కొంచెం తగ్గించాల్సింది."

రెండో ముద్ద. కొసిమ్ గిన్నె మీదికి వంగాడు. జుహానా మోచేత్తో నెట్టాడు. ఆ ఒంట్లో అంత బలం ఉందని నేననుకోలేదు. "నాన్న నియమం. తింటుంటే గిన్నె ముట్టుకోకూడదు."

మూడో ముద్ద దగ్గర నినింగ్ వచ్చి వాడి ఎదుట కూర్చుంది. కోపంగా కాదు, పక్క సర్దడానికి కూర్చున్నట్టు. వాడి మణికట్టు పట్టుకుని ఫోర్కు తీసుకుంది. పిల్లాడి చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు నెమ్మదిగా. గిన్నె తన ఒళ్ళోకి లాక్కుంది.

తినడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల వరి పండించే ఇంట్లోంచి వచ్చింది. నూడుల్స్ ఎంత తిన్నా పక్కన అన్నం ముద్ద లేకపోతే తిండే కాదనేది. అలాంటిది ఆ చల్లారిన ముద్దలు ఒకటి తరవాత ఒకటి మింగుతోంది. మధ్యలో ఒకసారి పొలమారింది. నేను నీళ్ళందిస్తే వద్దంది. గుడ్డు తింది, ఆకుకూర కాడలు తింది, అడుగున మిగిలిన పులుసు గిన్నె ఎత్తి తాగింది.

"అయిపోయింది," అంది మూతి తుడుచుకుని. "సగం ఆయన, సగం నేను. వంతు మాది. పొయ్యి దగ్గర నేనుంటాను."

"ఆడదానివి ఒక్కదానివి ఆ సందులోనా?" అన్నాడు జుహానా.

"పొయ్యికి మగా ఆడా తెలుస్తుందా? పిల్లలు మిమ్మల్ని అన్నా అంటారు, నన్ను అక్కా అంటారు. అంతే తేడా."

"నేను పంపను."

"పంపమని మిమ్మల్నడగలేదండీ. మీరు తినకుండా ఉంటే ఇక్కడే ఉండేదాన్ని."

జుహానా నావైపు తిరిగి, చాలా చిన్నగా, "మరి నాతో ఎవరుంటారమ్మా?" అని అడిగాడు. తల నెరిసిన మనిషి. గొంతు మాత్రం తప్పిపోయిన పిల్లాడిది.

నాకు తెలిసిన నియమం ఒక్కటే. అదే చెప్పాను. "కొట్లో లేనివాడు ఇల్లు చూసుకోవాలి. మీ నాన్న ఉన్నప్పుడూ అంతే. కొసిమ్, ఇంట్లో నీ వంతు మొదలైంది. రేపు అన్నని ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్ళు."

కొసిమ్ ఖాళీ గిన్నెకేసి చూశాడు. వాడికి పాప గుర్తొచ్చి ఉంటుంది. రెండు చేతులతో మొహం తుడుచుకుని, "అలాగేనమ్మా," అన్నాడు.

"ఎలాగ?" అంది ఎంతిన్.

అప్పటిదాకా ఆ పిల్ల గుమ్మంలో ఉన్న సంగతే మరిచిపోయాం. ముందుకొచ్చి దీపం కింద నిలబడింది.

"ఎలాగండీ? పాపని ఇక్కడి బళ్ళోంచి మాన్పించేశాం. జోగ్జాలో చేర్పించాం. సోమవారం వెళ్ళాలి అది. మీరే కదా చేర్పించారు?"

నేను కొసిమ్ వైపు చూశాను. వాడు కాదనలేదు. అంటే అన్న వద్దనకముందే వీడు అన్నీ అమర్చుకునే వచ్చాడన్నమాట. జుహానాకీ అర్థమైంది. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"పరిస్థితి చూస్తున్నావుగా ఎంతిన్," అన్నాడు కొసిమ్.

"చూస్తున్నాను. గుమ్మంలోంచి అన్నీ చూస్తూనే ఉన్నాను. మీరుండండి, మీ అన్నగారి దగ్గర. ఉండాలి కూడా, నేను కాదనను. నేనూ పాపా వెళ్తాం. దానికి చెప్పేశాను, కొత్త బడి అని. మళ్ళీ కాదని నేను చెప్పను."

"ఎక్కడుంటావే అమ్మాయ్?" అన్నాను. "ఆ ఊళ్ళో నీకెవరున్నారు?"

"కొట్టు వెనక గది ఉంది కదత్తయ్యా."

"ఆ గదిలో నేనుంటాను ఎంతిన్," అంది నినింగ్. ఖాళీ గిన్నె ఇంకా ఒళ్ళోనే ఉంది.

"ఉండక్కా. నేను వద్దన్నానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఒకే వంటింట్లో ఒకరి వెనక ఒకరు తిరిగారు. ఇలా నిలబడి చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ చూపుల్లో ఏముందో ఇప్పటికీ చెప్పలేను. నినింగ్ ముందు కళ్ళు తిప్పుకోలేదు, ఎంతిన్నూ తిప్పుకోలేదు.

ఆ గది నాకు తెలుసు. మా ఆయనతో కొన్నాళ్ళు అందులో ఉన్నాను. ఒక్క చాప కంటే పట్టదు.